క్యాలిపర్ పోయిందన్నారు సరే, అందులో ఏది పోయింది?

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆదివారం పొద్దున, కార్ల యజమానులతో ఒక సీనియర్ మెకానిక్ మాట్లాడిన మాటలకు అక్షరరూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు తీసేద్దామండీ, నాకు అలవాటు లేదు. ఆటోనగర్ షెడ్డులో గ్రైండర్ మోత మీద అరిచి అరిచి తయారైన గొంతు ఇది, చివరి కుర్చీ దాకా వినిపిస్తుంది.

మీ సెక్రటరీ గారు ఫోన్ చేసి, "కార్ల మెయింటెనెన్స్ గురించి ఏదో ఒకటి చెప్పండి" అన్నారు. ఏదో ఒకటి అంటే ఎలా? ఇంజనాయిల్ దగ్గర మొదలుపెడితే భోజనాల వేళకి గేర్‌బాక్స్ దాకా కూడా రాము. అందుకని ఆయన్నే అడిగాను, మీవాళ్ళు ఈమధ్య బండ్ల మీద దేనికి డబ్బు పెట్టారో చూపించమని. వాట్సాప్‌లో నాలుగు ఎస్టిమేట్లు పంపారు. నాలుగింట్లో మూడింటిలో క్యాలిపర్ అనే మాట ఉంది, డిస్క్ బ్రేకుని బిగించే భాగం పేరు అది. ఒకదాంట్లో అయితే "క్యాలిపర్ ఓవర్‌హాల్, నాలుగు చక్రాలు" అని ఉంది. బండి ఏమిటా అని చూస్తే, వెనక డ్రమ్ బ్రేకులున్న చిన్న కారు. వెనక చక్రాలకి అసలు క్యాలిపరే లేదు. లేనిదానికి ఓవర్‌హాల్! (నవ్వులు)

ఆ ఎస్టిమేట్ రాసినాయన దొంగని నేను అనను. కంప్యూటర్లో బ్రేక్ ప్యాకేజీ అని ఒకటి నొక్కితే అన్ని లైన్లూ వాటంతట అవే పడతాయి, ఎవరూ చదవరు. చదవాల్సింది మీరు. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు రెండు చక్రాలకే డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ములో ఉండేవి డ్రమ్ముని లోపలి నుంచి ఒరుసుకునే లైనర్లు, వాటిని నెట్టే వీల్ సిలిండరు. మీ కారుకి క్యాలిపర్లు రెండా, నాలుగా? చేతులెత్తండి, తెలిసినవాళ్ళు. ... ఆరుగురు. సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇదిగో, దీన్నే క్యాలిపర్ అంటారు. మా షెడ్డులో పన్నెండేళ్ళుగా ఉన్న పాతది. దీని కథ ఒకటుంది, తర్వాత చెప్తాను. చేతులు మారుస్తూ చూడండి, బరువుంది, కాళ్ళ మీద పడేసుకోకండి. బైకు ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు, ముందు చక్రం పక్కన బయటికే కనిపిస్తుంది. కారులో చక్రం వెనక దాక్కుంటుంది, అంతే తేడా.

లోపల ఈ గుండ్రటి గిన్నెలాంటిది పిస్టన్. మీరు పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ఇది ముందుకొచ్చి, లోపలివైపు ప్యాడ్‌ని, అంటే రాపిడి బిళ్ళని, చక్రంతో పాటు తిరిగే డిస్కుకేసి నొక్కుతుంది. మరి బయటివైపు ప్యాడ్‌ని ఎవరు నొక్కుతారు? అటు పిస్టన్ లేదు. లోపలి ప్యాడ్ డిస్కుకి ఆనుకోగానే క్యాలిపర్ మొత్తం ఇటువైపు జరుగుతుంది, జరిగి బయటి ప్యాడ్‌ని కూడా బిగిస్తుంది. అలా జరగడానికి ఈ రెండు పిన్నులు. ఇవి గ్రీజులో జారుతూ ఉండాలి, వాటి మీద ఈ రబ్బరు తొడుగులు ఉండాలి. ఇంకో రకం క్యాలిపర్లున్నాయి, రెండువైపులా పిస్టన్లుండి పిన్నుల మీద జరగనివి. అవి ఖరీదైన బండ్లకి. మనలో ఎవరికైనా ఉంటే వాళ్ళు నన్ను పిలవరు, వాళ్ళ షోరూమ్ వేరు.

ఇక అసలు కీలకం ఈ రబ్బరు రింగు. పిస్టన్ చుట్టూ ఉంటుంది, అంచులు చదరంగా ఉంటాయి. డ్రమ్ములో లైనర్లని వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులుంటాయి. డిస్కులో స్ప్రింగు లేదండీ. బ్రేక్ తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు ఈ రింగు కొంచెం మెలిపడుతుంది. కాలు తీయగానే మెలిక విడిపోతుంది, విడిపోతూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఎంత లాగుతుంది? వెంట్రుకవాసి. అంతకంటే లేదు.

ఈ వెంట్రుకవాసి సంగతి గుర్తుంటే మీకు సగం డబ్బు మిగులుతుంది. ఎందుకంటారా? కారుని జాకీ మీద ఎత్తి, చక్రం చేత్తో తిప్పి, "చూడండి సార్, రాసుకుంటోంది, వినబడుతోందా, క్యాలిపర్ జామ్" అంటారు. సన్నగా సర్ సర్ మని రాసుకోవడం డిస్క్ బ్రేకులో మామూలే. ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఉన్న ఖాళీయే అంత. చేత్తో తిప్పితే చక్రం తిరగాలి, అది ముఖ్యం. రెండు చేతులూ పెట్టి మూలిగితే గానీ కదలకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడు కూడా రెండోవైపు చక్రం ఎత్తి, అదెలా తిరుగుతోందో చూపించమనండి. ఒక్క చక్రం చూసి బ్రేకు గురించి ఏ తీర్పూ చెప్పకూడదు. ఎడమకి కుడి సాక్షి, కుడికి ఎడమ సాక్షి.

— మరి నా కారు బ్రేక్ వేస్తే కీచుమంటోంది అన్నా, అది క్యాలిపర్ కాదా?

చాలావరకు కాదు తమ్ముడూ. కీచుమనేది ప్యాడు. ప్యాడ్ అరిగి చివరికి వచ్చినప్పుడు డిస్కుకి తగిలి అరవడానికే చాలా ప్యాడ్లకి చిన్న ఇనుప రేకు పెడతారు. అది అరిస్తే దాని ఉద్యోగం అది చేస్తున్నట్టు. అసలు డిస్క్ బ్రేకుతో పాటే ఈ అరుపూ పుట్టింది. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు, ఆయన ప్యాడ్లకి రాగి వాడాడు. ఇనుప డిస్కు మీద రాగి! ఆ కీచుకి జనం చెవులు మూసుకుని ఉంటారు. మళ్ళీ 1953లో ఫ్రాన్స్‌లో లె మాన్ రేసుని జాగ్వార్ కార్లు డిస్క్ బ్రేకులతో గెలిచాక గానీ దీని మీద గట్టి నమ్మకం కుదరలేదు. మా ఐటీఐ సారు ఈ కథ చెప్పినప్పుడు మేం నిద్రపోయేవాళ్ళం, ఇప్పుడు నేను చెప్తుంటే మీరు.

బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద డబ్ డబ్ మని తన్నడం? అది డిస్కు. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగితే అలా అవుతుంది. డిస్కు ఎంతవరకు అరగొచ్చో చాలా డిస్కుల మీదే గుద్ది ఉంటుంది, కొలిచి చూపించమనండి. గతుకుల్లో ముందు చక్రం దగ్గర టకటకమంటూ, పెడల్ మీద కాలు కాస్త ఆనించగానే ఆ చప్పుడు ఆగిపోతోందా? అప్పుడు మాత్రం క్యాలిపర్ వైపు చూడాలి. పిన్నులు లూజైనా, ప్యాడ్ల క్లిప్పులు పోయినా అలా మోగుతుంది. క్లిప్పులు చిన్న రేకు ముక్కలు. ప్యాడ్లు మార్చేటప్పుడు అవి ఎక్కడో కింద పడితే, తిరిగి పెట్టే ఓపిక అందరికీ ఉండదు.

సరే, ఈ పాత క్యాలిపర్ కథ.

ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు, నా పాత కస్టమర్. ఎడమ ముందు చక్రం వేడెక్కుతోంది, కాలిన వాసన వస్తోంది అని వచ్చారు. చక్రం ఎత్తాను, తిప్పాను, తిరగలేదు. క్యాలిపర్ జామ్ అన్నాను. అనుమానం కూడా పడలేదు నేను. కొత్త అసెంబ్లీ, అంటే క్యాలిపర్ మొత్తం, తెప్పించి వేశాను, బ్రేక్ ఆయిల్ పైపుల్లోంచి గాలి తీశాను, బిల్లు తీసుకున్నాను. ఆయన బండి తీసేదే తక్కువ. పదో రోజు మళ్ళీ వచ్చారు. అదే చక్రం, అదే వాసన. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే ఆయన అన్నారు, "అబ్బాయ్, జవాబు తప్పొస్తే చివరి లైను దిద్దకూడదు. మొదటి మెట్టు నుంచి మళ్ళీ చెయ్యి."

చేశాను. తప్పు హోస్ పైపుది. బాడీ మీద ఉన్న ఇనుప పైపు నుంచి క్యాలిపర్‌కి వచ్చే రబ్బరు పైపు ఉంటుంది చూడండి, స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు వంగుతుంది. అది బయటికి నిగనిగలాడుతూ ఉంది. లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయింది.

ఇక్కడ మీకో సందేహం రావాలి. దారి మూసుకుపోతే బ్రేకు పడకూడదు కదా, పట్టేయడం ఏమిటి? గట్టిగా తొక్కినప్పుడు ఆ ఆయిల్లో ఒత్తిడి వెయ్యి పీఎస్ఐ దాకా పోతుంది, ఒక్కోసారి దాటుతుంది. మీ టైర్లో గాలి ముప్పై చిల్లర. అంత ఒత్తిడితో వచ్చే ఆయిల్ సూదిబెజ్జంలోంచి కూడా దూరిపోతుంది. వెళ్ళడం సులువే. తిరిగి రావాలంటే? వెనక్కి నెట్టేది ఇందాకటి రబ్బరు రింగు ఒక్కటే, దాని బలం వెంట్రుకవాసి. ఆ సూదిబెజ్జంలోంచి ఆయిల్‌ని అది వెనక్కి పంపలేదు. ఒత్తిడి క్యాలిపర్లోనే చిక్కుకుంటుంది, ప్యాడ్ వదలదు. బయట నుంచి చూస్తే అచ్చం క్యాలిపర్ జామ్ అయినట్టే.

మాస్టారి డబ్బు ఆయనకిచ్చేశాను, హోస్ ఒక్కదాని ఖరీదు తీసుకున్నాను. మీ చేతుల్లో తిరుగుతున్నది ఆ రోజు విప్పేసిన క్యాలిపరే. పిస్టన్ నొక్కి చూడండి, వేలితో కదలదు గానీ క్లాంప్ పెడితే వెన్నలా వెళ్తుంది. ఏ జబ్బూ లేనిది. షెడ్డులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ దీన్ని చూపించి ఈ కథ చెప్తాను. వాళ్ళకి విసుగు, నాకు లెంపకాయ.

కాబట్టి చక్రం పట్టేసిందంటే నేరస్థుడు క్యాలిపరే అని ముందే రాసేసుకోకండి. పిస్టన్ కావచ్చు, పిన్నులు కావచ్చు, హోస్ కావచ్చు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి పట్టేస్తుంటే పైన, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ కావచ్చు, పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోవడం కావచ్చు. పెడల్ కింద మందపాటి మ్యాట్ ఇరుక్కుని వచ్చిన బండి కూడా చూశాను నేను. విడదీసి తేల్చడం పెద్ద విద్య కాదు. చక్రం పట్టేసి ఉన్నప్పుడే చెయ్యాలి. ముందు ఇనుప పైపూ హోసూ కలిసే చోట నట్టు కాస్త వదులు చేస్తారు. చక్రం వదిలేసిందా, జబ్బు పైనుంది. వదల్లేదు, నట్టు బిగించి, ఈ క్యాలిపర్ మీద గాలి తీసే నిప్పుల్ ఉంది చూశారా, దాన్ని పావు చుట్టు తిప్పుతారు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే హోస్. అప్పటికీ వదలకపోతే, అప్పుడు చెప్పొచ్చు ధైర్యంగా, లోపం ఇక్కడే అని. పని తెలిసినవాడికి ఐదు, పది నిమిషాలు. తర్వాత గాలి తీయాలి, అది వేరే పని. మీరు చెయ్యమని కాదు, చేశారా అని అడగమని చెప్తున్నాను. "అన్నా, నిప్పుల్ తిప్పి చూశారా, చక్రం వదిలిందా?" ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివాడు మీవైపు చూసే చూపే మారిపోతుంది.

పిస్టనా, పిన్నులా అని తేల్చడానికి ప్యాడ్లు చూడాలి. ప్యాడ్లు మార్చినప్పుడు పాతవి ఇమ్మనండి. మీ డబ్బుతో కొన్నవి, అడగడానికి మొహమాటం ఎందుకు? నాలుగూ వరసగా పేర్చమనండి, ఎడమ లోపలిది, ఎడమ బయటిది, కుడి కూడా అలాగే. కొత్త ప్యాడ్ మందం దరిదాపు పది మిల్లీమీటర్లు ఉంటుంది, మూడుకి వచ్చిందంటే మార్చాలి. నాలుగూ ఒకేలా అరిగి, ఎక్కడా ఆయిల్ తడి లేకపోతే క్యాలిపర్ జోలికి పోనక్కర్లేదు, పిన్నులకి గ్రీజు పెట్టించుకుని ఇంటికెళ్ళండి. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా పిన్నులు పట్టేసి క్యాలిపర్ జరగడం లేదు. బయటిదే ఎక్కువ అరిగితే, ఏటవాలుగా అరిగి ఒక కొస సన్నం ఒక కొస మందం అయితే, నా చెయ్యి మొదట పిన్నుల మీదికే పోతుంది.

పిన్నులు పట్టేయడం జబ్బు లాంటిదే కాదండీ, మురికి. విప్పి, తుడిచి, తుప్పు గీకి, కొత్త గ్రీజు పెడితే పోతుంది. పిన్ను బాగా తినేసి ఉంటే పిన్ను ఒక్కటే దొరుకుతుంది. కాకపోతే ఏ గ్రీజు అనేది ముఖ్యం. రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు వేరే వస్తుంది. షెడ్డు మూల డబ్బాలో ఉండే బేరింగ్ గ్రీజు పూశారంటే ఆ తొడుగు రబ్బరు ఉబ్బిపోయి, పిన్ను మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. ఆరు నెలలకి మళ్ళీ వస్తారు, అప్పుడు ఎలాగూ క్యాలిపర్ పోయిందనే అంటారు.

— మా వారు ఆఫీసుకి తీసుకెళ్ళే కారు బ్రేక్ వేస్తే ఎడమవైపుకి లాగుతోందండీ. ఎడమవైపు క్యాలిపర్ మార్చాలన్నారు.

ఎడమవైపా? అమ్మా, ఒక్క నిమిషం. బ్రేక్ తొక్కినప్పుడే లాగుతోందా, మామూలుగా పోతున్నప్పుడు కూడానా?

— బ్రేక్ వేసినప్పుడే.

అయితే ఎడమవైపు బ్రేకు బాగా పడుతోందమ్మా. పడనిది కుడివైపు. ఎద్దుబండికి జోడెడ్లలో ఒకటి ఆగి రెండోది నడిస్తే బండి ఎటు తిరుగుతుంది? ఆగినదానివైపే కదా. ఇదీ అంతే. ఎడమ క్యాలిపర్ మారిస్తే పాపం బాగా పనిచేసేదాన్ని తీసేసినట్టు. బ్రేక్ తొక్కకుండా ఊరికే పోతున్నప్పుడు లాగితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు లాగిన వైపే ఏదో పట్టేసి ఉండొచ్చు. ఏదైనా ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూపించండి, అలైన్‌మెంట్ చూపించండి. గాలికి ఖర్చేమీ లేదు. చూపించేదాకా బండి స్పీడుగా మాత్రం తోలనివ్వకండి.

వేడి గురించి. చక్రం వేడెక్కుతోంది అంటే నేను అడిగే మొదటి మాట, ఒకటా, రెండా? మొన్న ఒకాయన తిరుమల నుంచి దిగి, అలిపిరి దగ్గర ఆపితే ముందు చక్రాల నుంచి పొగలాంటిది వచ్చిందని కంగారుగా ఫోన్ చేశారు. రెండువైపులా వస్తోందా అన్నాను. రెండువైపులా అన్నారు. ఏ గేర్లో దిగారు? టాప్ గేర్లో, పొడుగునా బ్రేక్ మీద కాలు పెట్టే. ఘాట్ దిగాక రెండు చక్రాలూ సమానంగా కాలితే అది డ్రైవరు తప్పు, ఒక్కటే కాలితే బండి తప్పు. ఎక్కిన గేర్లోనే ఘాట్ దిగాలని మా గురువు చెప్పేవాడు, శ్రీశైలమైనా, అరకు అయినా అంతే. ఇంజనే సగం బ్రేకు. ఇంకోటి, కాలిన డిస్కు మీద బాటిల్ నీళ్ళు పోయకండి. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అడగండి. పక్కకి ఆపి, అరగంట చల్లారనివ్వండి.

ఇంటి దగ్గర చూసుకోవాలంటే, పది కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద బ్రేకు తక్కువ వాడుతూ తిప్పి, నెమ్మదిగా ఆపి, చెయ్యి చక్రం దగ్గరగా పెట్టండి. తాకకండి. ముందు ఎడమనీ ముందు కుడినీ పోల్చాలి. ముందు చక్రాన్ని వెనక చక్రంతో పోల్చకూడదు, ముందు చక్రాలు ఎప్పుడూ ఎక్కువ పని చేస్తాయి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన టెంపరేచర్ గన్ ఉంది చూశారా, అది నాకు నచ్చిన వస్తువు గానీ దాని కొలత జ్వరం వరకే. వర్క్‌షాపులకి వేరే గన్ వస్తుంది, అది ఉన్న షెడ్డైతే నాలుగు చక్రాల లెక్క మీ ముందే తీయమనండి.

— బ్రేక్ ఆయిల్ తగ్గింది, క్యాలిపర్ లీకు ఉంది అన్నారండీ నాకు.

తడి చూపించారా?

— లేదు. డబ్బాలో లెవెల్ తగ్గిందని చూపించారు.

ప్యాడ్లు అరిగితే ఆయిల్ లెవెల్ తగ్గుతుందండీ. ప్యాడ్ సన్నబడిన కొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, దాని వెనక ఖాళీని ఆయిల్ నింపాలి కదా. మెల్లగా నెలల తరబడి తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి. వారంలో తగ్గిందంటే లీకే, ఎక్కడో వెతకాలి. అది క్యాలిపర్ దగ్గరే అయ్యుండాలని లేదు, వెనక వీల్ సిలిండర్ కావచ్చు. తడి కనిపించినా అది ఏ తడో చూడాలి. చక్రం లోపలివైపు నల్లగా, చిక్కగా, చిమ్మినట్టు ఉంటే అది యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి పడ్డ గ్రీజు. బ్రేక్ ఆయిల్ పల్చగా, జారుడుగా ఉంటుంది, పెయింట్ మీద పడితే పెయింట్‌ని తినేస్తుంది.

ఆ ఆయిల్ గురించి ఒక మాట. డాట్ 3, డాట్ 4 అని ఉంటాయి, డబ్బా మూత మీద ఏది రాసుంటే అది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. బాగా తేమ పట్టాక 155కే మరగొచ్చు. ఘాట్లో పెడల్ మెత్తబడేది అందుకే. ఆ తేమే లోపల పిస్టన్‌కి తుప్పు కూడా పట్టిస్తుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించుకునేవాళ్ళకి క్యాలిపర్ మార్చాల్సిన అవసరం చాలా అరుదు, నేను చూసినంతలో. ఆ డబ్బాలో పొరపాటున ఇంజనాయిల్ పోసిన మహానుభావుడు కూడా ఉన్నాడు. లోపల ఉన్న ప్రతి రబ్బరూ ఉబ్బిపోయింది. దానికి వాదనే లేదు, మాస్టర్ సిలిండర్ నుంచి చివరి హోస్ దాకా రబ్బరున్నదల్లా మార్చాలి.

మన ఊళ్ళో ఇంకో కారణం మీకు నేను చెప్పేదేముంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ వైపు ముంచినప్పుడు కార్లు రోజుల తరబడి బురదనీళ్ళలో నిలబడ్డాయి. నీళ్ళు తీశాక అందరి టెన్షనూ ఇంజన్ గురించే. స్టార్ట్ అయితే చాలు, దేవుడికి దణ్ణం. బ్రేకు సంగతి ఎవరూ అడగలేదు. చక్రాలు విప్పి పిన్నులు కడిగించుకుని, ఆయిల్ మార్పించుకున్న బండ్లు ఇప్పటికీ బాగున్నాయి. "బ్రేక్ పడుతోంది కదా" అని తోలినవాళ్ళు సంక్రాంతికి వచ్చారు, పిస్టన్ల మీద తుప్పు గుంటలతో. అప్పుడు నేను కూడా అసెంబ్లీ మార్చమనే చెప్పాను.

అసలు వాడకపోయినా అంతే. పిల్లలు అమెరికాలో ఉంటారు, ఇక్కడ అమ్మానాన్నల కోసం కారు కొనిపెడతారు, ఆ పెద్దాయన దానికి కవర్ కప్పి, హ్యాండ్ బ్రేక్ బాగా లాగి, దీపావళికి ఒకసారి తీస్తాడు. 2020 లాక్‌డౌన్ అయ్యాక మా షెడ్డు అలాంటి బండ్లతోనే నిండిపోయింది. వెనక చక్రం కదలకపోతే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూడాలి, పట్టేసేది ఎక్కువగా అదే. ఎక్కువ రోజులు నిలబెట్టేటప్పుడు చదునుగా ఉన్నచోట గేర్లో పెట్టి, చక్రానికి అడ్డంగా ఇటుక పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. వర్షంలో ఒక రాత్రి ఉంటే డిస్కు మీద ఎర్రటి పొర వస్తుంది, పొద్దున గర్ మంటుంది. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది, దానికి షెడ్డుకి రాకండి. ఎలక్ట్రిక్ కార్లవాళ్ళకి కూడా ఇదే గొడవ. సగం బ్రేకు మోటారే వేసేస్తుంది, ప్యాడ్లకి పని లేదు, పనిలేక పిన్నులు తుప్పు పడతాయి.

— అయితే అసలు క్యాలిపర్ ఎప్పుడు మార్చాలి? మీరు చెప్పేది వింటే ఎప్పుడూ అక్కర్లేనట్టుంది.

(నవ్వు) మంచి మాట అడిగారు. నా మాటలు విని రేపు నిజంగా లీకవుతున్న క్యాలిపర్‌తో ఊరంతా తిరిగితే ఆ పాపం నాది. పిస్టన్ రబ్బరు దాటి ఆయిల్ బయటికి వస్తోందంటే బేరం వద్దు, ఆ బండి అక్కడ నుంచి కదలకూడదు. పిస్టన్ని క్లాంప్ పెట్టి నిదానంగా నొక్కితే లోపలికి సాఫీగా వెళ్ళాలి. మొరాయిస్తే విప్పాలి. ఇక్కడ వెనక డిస్కులున్న కార్లవాళ్ళకి ఒక జాగ్రత్త. చాలావాటిల్లో హ్యాండ్ బ్రేక్ ఆ క్యాలిపర్లోనే ఉంటుంది, ఆ పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి. తెలియక క్లాంప్‌తో నొక్కి, వెళ్ళడం లేదు, జామ్ అని చెప్పిన కేసులున్నాయి, నొక్కి నొక్కి నిజంగానే పాడుచేసిన కేసులూ ఉన్నాయి. బటన్‌తో పడే హ్యాండ్ బ్రేక్ అయితే స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తెస్తే గానీ ముట్టుకోకూడదు.

విప్పాక పిస్టన్ నున్నగా అద్దంలా ఉంటే రబ్బర్ కిట్ చాలు. కిట్టు వందల్లో, అసెంబ్లీ వేలల్లో. గుంటలు పడితే మాత్రం ఎమరీ పేపర్ పెట్టి రుద్దనివ్వకండి. పైన ఉన్న మెరుగుపూత పోతుంది, ఆరు నెలల్లో మళ్ళీ తుప్పు, కొత్త రబ్బరుని కూడా కోసేస్తుంది. నిప్పుల్ విరిగినా, పిన్ను కూర్చునే చోటు అరిగినా అసెంబ్లీయే.

మావాళ్ళ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. కిట్టు వెయ్యడానికి గంటల పని, శుభ్రంగా కూర్చోవాలి, ఒక్కోసారి కిట్టే దొరకదు. వేశాక రేపు లీకైతే తిట్లు మాకు. అసెంబ్లీ అయితే నాలుగు బోల్టులు, గ్యారంటీ కంపెనీది. కొన్ని చోట్ల పైనుంచి వచ్చిన పద్ధతే అది, విప్పడం ఉండదు, మార్చడమే. కాబట్టి "అసెంబ్లీ మార్చాలి" అనేవాళ్ళందరూ మోసం చేస్తున్నారనుకోకండి. కొందరికి వెతికే తీరిక లేదు, ఆ తీరిక ఖరీదు మీరు కడుతున్నారు. కడతారా లేదా మీ ఇష్టం. వెతికిన లేబర్ అడిగితే మాత్రం బేరమాడకండి. చూసి "ఏం లేదు సార్" అని చెప్పినవాడికి మన దగ్గర రూపాయి ఇవ్వరు, అందుకే ఏదో ఒకటి ఉందని చెప్తారు.

— ఒకవైపు మారిస్తే రెండోవైపు కూడా మార్చాలా?

ప్యాడ్లు రెండువైపులా ఒకేసారి, అందులో మార్పు లేదు. క్యాలిపర్ నేనైతే పోయినవైపే మారుస్తాను, రెండోది విప్పి చూసి, పిన్నులు సర్వీస్ చేసి. నీళ్ళలో మునిగిన బండైతే రెండూ మారుస్తాను.

ప్యాడ్లు మార్చుకుని బండి తీసేటప్పుడు, కదలకముందే పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి, మొదటిసారి పెడల్ నేలకి వెళ్ళిపోతుంది. మా కుర్రాడొకడు ఈ మాట మర్చిపోయి కస్టమర్ బండితో మా షట్టరు గుద్దాడు. షట్టరు సొట్ట ఇంకా ఉంది, వచ్చి చూడొచ్చు.

ఇంకొక్క సంగతి. ఇందాక వస్తూ ఆ మూడో పిల్లర్ దగ్గర తెల్ల కారు చూశాను, అల్లాయ్ చక్రాలది. ముందు కుడి చక్రం తెల్లగా ఉంది, ముందు ఎడమ చక్రం ప్యాడ్ పొడితో నల్లబడిపోయింది. ఎవరిదండీ అది? ... మీదా. ఈమధ్య మైలేజీ తగ్గిందా? ... తగ్గిందా. తాళం ఉందా చేతిలో? అయితే బెంజ్ సర్కిల్ దాకా వద్దు, ఈ బ్యాక్ రోడ్డులో పది నిమిషాలు తిప్పుకుని రండి, బ్రేకు వీలైనంత తక్కువ వాడండి, స్పీడ్ వద్దు. ఈలోగా మావాడు జాకీ దించుతాడు. మీరొచ్చాక అందరం చెయ్యి పెట్టి చూద్దాం. ఆ క్యాలిపర్ ఎవరి దగ్గరుంది? ఇటివ్వండి, మాస్టారి గుర్తు అది.